సేద్యం వదిలినోళ్లు ఎటు పోయినారు? అనంతపురం, సత్యసాయి జిల్లాల వాళ్లు మీ ఊరి లెక్క చెప్పండి

కదిరోడు
2025 జూన్ 14, రాత్రి 9:42

మా ఊరు కదిరికి పన్నెండు కిలోమీటర్లు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ముంగారు వాన పడిందంటే బడికి సగం మంది పిలకాయలు వచ్చేవాళ్లు కాదు. ఇంట్లో అందరూ కూర్చుని శెనక్కాయలు ఒలిచేది, విత్తనానికి. బొటనవేళ్లు వాచిపోయేవి.

మొన్న ఊరికి పోయినప్పుడు నేనూ మా నాయనా అరుగు మీద కూర్చుని మా వీధిలో ఒక్కో ఇల్లూ లెక్కబెట్టినాం. మొత్తం ఇరవై రెండు. సేద్యం ఒక్కదాన్నే నమ్ముకున్నవి మూడు. పెనుకొండ పక్క కార్ల ఫ్యాక్టరీకో, దాని చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీలకో పోయే పిల్లోళ్లున్నవి అయిదు. బెంగుళూరులో కట్టడం పని, సెక్యూరిటీ, ట్యాక్సీ అని ఏడు. కువైట్ రెండు. ఆటో, చికెన్ అంగడి, టైలరు కలిపి మూడు. రెండిండ్లకు తాళం.

ఇంతవరకు బాగానే వచ్చింది. ఆఖర్న మా నాయన "నన్ను యాడ రాస్తివి?" అన్నాడు. సేద్యం ఉన్న మూడిండ్లలో మాదొకటని రాసింటి. ఆయనకు ఆరెకరాలుంది, అందులో నాలుగు టమోటాకు గుత్తకిచ్చినాడు (కౌలుకన్నమాట). పద్నాలుగు మేకలున్నాయి. ఎండాకాలం ఉపాధి పనికి పోతాడు. నేను నెలనెలా దుడ్లు పంపిస్తా. ఇంతకీ ఆయనది ఏ వృత్తి?

మీ మండలాల్లో ఎట్లుందో చెప్పండి. పేపర్లో వచ్చింది వద్దు, మీరు చూసింది రాయండి.


బోరుబావి
2025 జూన్ 14, రాత్రి 10:15

అన్నా, మాది ఉరవకొండ తట్టు. శెనక్కాయ ఎందుకు పోయిందో అందరికీ తెలుసు, వాన లేదు అంటారు. వాన మాకెప్పుడుండింది? ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనే సీమలోనే కదా ఒకప్పుడు ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శెనక్కాయ వేసింది. ఆ ఒక్క పంట మీదే పెట్టుకోవడం దెబ్బ కొట్టింది. విత్తనం కొనాల, ఎకరాకు ఇన్ని కాయలు అని మూటలు మూటలు. పూత మీద నలభై రోజులు వాన మొకం చాటేస్తే పెట్టుబడంతా మట్టిలో కలిసినట్లే. కాయ ఊరే టయానికి అడవిపందులు. మా కాడ జింకలు మందలు మందలుగా వస్తాయి. కాపలా ఉండే మనిషి దొరకడు.

హంద్రీ-నీవా కాలువ నీళ్లు తగిలిన ఊర్లలో కథ వేరు. ఆడ చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి. తాడిపత్రి, పుట్లూరు పక్క అరటి గల్ఫుకు పోతాంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు 43 కంటైనర్లతో అరటి రైలే పోయింది. తోట పెట్టినోడు మారలేదప్పా, సేద్యగాడే. మారింది కూలోడు. శెనక్కాయకు పెరికేటప్పుడు పదైదు రోజులు ఊరంతా పని. అరటికి ఏడాది పొడుగునా పని ఉంటది గానీ ఐదారు మందికే. గెల కోసేదానికి బయటి నుంచి ముఠాలొస్తాయి.


పెనుకొండపిల్ల
2025 జూన్ 14, రాత్రి 11:03

మా ఇంట్లో నేనూ మా చెల్లెలూ ఇద్దరం ఫ్యాక్టరీ పనికి పోయినవాళ్లమే, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తా.

పెనుకొండ పక్క ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 2017లో ఒప్పందం అయింది, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే ప్లాంటు. దాని వెనకే కొరియా నుంచి విడిభాగాల కంపెనీలు వచ్చినాయి. పెనుకొండలో కొరియా అక్షరాల బోర్డులతో హోటళ్లు పెట్టినారు. మా అవ్వ ఇప్పటికీ వాటిని చూసి "ఏమి రాసినాడే వాడు, ముగ్గులేసినట్లుండాది" అంటాది.

పెనుకొండలో ఇంటి బాడుగలు ఎగిరినాయి. ఐటీఐ చదివిన మగపిల్లోళ్లకు మంచిదే అయింది. నేను చేసింది కార్ల కంపెనీలో కాదు, దానికి వైర్లో ఇంకేవో ఇచ్చే ఒక చిన్న కంపెనీలో, అదీ కాంట్రాక్టరు కింద. పొద్దున అయిదున్నరకు ఊరి ముందర బస్సు. ఎనిమిది నెలలు చేసినాక "ఇంక రావద్దు, మళ్లీ పిలుస్తాం" అన్నారు. రెండు నెలలకు పిలిచినారు, పాత సర్వీసు లెక్కలోకి రాదన్నారు. నేను పోలా. మా చెల్లెలు హిందూపురం దగ్గర గార్మెంట్స్‌లో ఉంది. అక్కడి నుంచి చానామంది సరిహద్దు దాటి దొడ్డబళ్లాపురం గార్మెంట్స్‌కు కూడా పోతారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాల. నా మొదటి జీతం నా ఖాతాలోనే పడింది. మా అమ్మ ముప్పై ఏండ్లు కలుపు తీసింది, కూలి దుడ్లు ఎప్పుడూ మా నాయన చేతికే పోయేవి.


లెక్కలాయన
2025 జూన్ 15, ఉదయం 6:50

కదిరోడు గారూ, మీ నాయన గారి ప్రశ్న చాలా పెద్దది. నేను సర్వేల పనిలో కొన్నాళ్లు ఉన్నాను కాబట్టి చెబుతాను.

జనాభా లెక్కల్లో ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని చేసినవాడు 'ప్రధాన' శ్రామికుడు, అంతకన్నా తక్కువైతే 'ఉపాంత' శ్రామికుడు. ఆ పైన నాలుగు గడులు: సేద్యగాడు, వ్యవసాయ కూలీ, ఇంటి పరిశ్రమ, ఇతరం. కార్ల ఫ్యాక్టరీ, బడిపంతులు, కువైట్ నుంచి వచ్చి మెస్ పెట్టినవాడు అందరూ ఆ 'ఇతరం'లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో పనివాళ్లలో నూటికి 22 మందికి పైగా సేద్యగాళ్లు. 2011కు అది 16 దగ్గరికి పడింది. అదే పదేళ్లలో వ్యవసాయ కూలీలు నూటికి 40 నుంచి 43కు పెరిగారు. అంటే చేను వదిలినవాడు తిన్నగా ఫ్యాక్టరీకి పోలేదు, ఇంకొకరి చేలోకి పోయాడు. ఆ తర్వాత జనాభా లెక్కలే జరగలేదు. కియా వచ్చాక ఊళ్లు ఎలా మారాయో ఇంటింటి లెక్క మన దగ్గర లేనట్టే.

కేంద్ర ప్రభుత్వం చేసే శ్రామిక సర్వే అని 2017-18 నుంచి వేరేది ఉంది. అందులో వింత చూడండి. దేశం మొత్తంలో వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం. తగ్గుతూ పోవాల్సింది 2023-24కు 46.1 అయింది. కరోనాకు తిరిగొచ్చినవాళ్లు కొందరు ఉండిపోయారు. ఆడవాళ్లు పెద్దఎత్తున లెక్కలోకి వచ్చారు. పల్లెల్లో పని చేసే, పని వెతికే ఆడవాళ్లు 2017-18లో నూటికి 24.6, 2023-24లో 47.6.

మీ నాయన గారికి సర్వేలో 'ఏడాదిలో ఎక్కువ కాలం దేనిలో గడిపారు' అని అడుగుతారు. ఆయన మేకలు అంటే పశుపోషణ, అదీ వ్యవసాయం పద్దులోనే పడుతుంది. గుత్త డబ్బు పని కిందికి రాదు.


పెనుకొండపిల్ల
2025 జూన్ 15, ఉదయం 7:21

అంటే 2017లో మా అమ్మ పని చెయ్యలేదా? ఆమె అప్పుడూ అదే చేలో ఉంది, ఇప్పుడూ అదే చేలో ఉంది.


లెక్కలాయన
2025 జూన్ 15, ఉదయం 7:40

చేసింది తల్లీ. అడిగినవాడు మీ నాయన్ని అడిగి ఉంటాడు, ఆయన "ఇంటి పట్టునే ఉంటుంది" అని చెప్పి ఉంటాడు. కొంత పెరుగుదల నిజం, కొంత అడిగే తీరు మారడం. రెండింటినీ విడదీయడం నా చేతనైతే కాలేదు.


మగ్గంమాట
2025 జూన్ 15, ఉదయం 9:05

ధర్మవరం నుంచి. ఇక్కడ వలస అంటే ఊరు దాటడం అనుకోవద్దండి. అదే ఇంట్లో, అదే గదిలో పని మారిపోతోంది. గుంత మగ్గం పూడ్చి మీద బండలు పరిచి మరమగ్గం పెట్టినవాళ్లు మా పేటలోనే బోలెడు. చేతిమగ్గం మీద పట్టుచీర దిగడానికి డిజైన్ని బట్టి అయిదు రోజులు, వారం. మరమగ్గం మీద రోజుకొకటి రెండు. 1985 చట్టం కింద చేనేతకే కేటాయించిన రకాలు 11 ఉన్నాయి, జరీ అంచు చీర అందులోదే. కాగితం మీద.

మగ్గం నేసేవాడితో పాటు పోయిన పనులు ఎవరూ లెక్క పెట్టరు. ఆసు పోసే ఆడవాళ్లు, పడుగు అతికేవాళ్లు, జకాటు అట్టలు కొట్టేవాళ్లు, రంగు అద్దేవాళ్లు. ఒక మగ్గం ఆగితే ముగ్గురి చేతులు ఆగుతాయి. మా అన్న మగ్గం దిగి బెంగుళూరులో పట్టుచీరల షోరూములో చీరలు మడతపెడుతున్నాడు. చీర చేతిలోకి తీసుకుంటే ఏది మగ్గానిదో ఏది మరదో చెప్పేస్తాడు, కొనేవాళ్లకు మాత్రం చెప్పకూడదని ఓనరు ముందే చెప్పాడట.

2019 డిసెంబరులో నేతన్న నేస్తం పథకం మా ధర్మవరంలోనే మొదలుపెట్టారు, అప్పట్లో ఏడాదికి 24 వేలు ఇచ్చేవాళ్లు. సొంత మగ్గం ఉన్నవాడికే అది. షావుకారు మగ్గం మీద మజూరికి నేసేవాడికి వచ్చేది కాదు. మా అన్న సొంత మగ్గం అమ్మింది 2018లో. ఆయన రాత అంతే.


గనిదుమ్ము
2025 జూన్ 15, మధ్యాహ్నం 1:30

రాయదుర్గం. మా పక్క శెనక్కాయకూ ఫ్యాక్టరీకీ మధ్యన ఇంకో అధ్యాయం ఉంది, ఎర్రదుమ్ముది. డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం, దాని పక్కనే బళ్లారి. చైనావాడు ఇనుప ఖనిజం ఎంతకైనా కొన్న రోజుల్లో మా ఊర్లలో లారీ లేని సందు లేదు. పొలం కుదువ పెట్టి లారీ తెచ్చినారు. డ్రైవరు, క్లీనరు, పంచరు అంగడి, రోడ్డు పక్క బిర్యానీ. 2009 ఆఖర్లో మా తట్టు గనులు ఆగినాయి, 2011లో సుప్రీంకోర్టు బళ్లారి పక్క కూడా ఆపింది. లారీలు ఇంటి ముందర తుప్పు పట్టినాయి. ఫైనాన్సోడు వచ్చి కొన్ని తోలుకుపోయినాడు.

తర్వాత మిగిలింది జీన్స్ ప్యాంట్లు. బళ్లారి జీన్స్ పేరుతో అమ్మేదాంట్లో మా రాయదుర్గంలో కుట్టినవి చానా ఉంటాయి. ఇంట్లో రెండు మిషన్లు, మూడు మిషన్లు. కటింగ్ ఒక ఇంట్లో, కుట్టు ఒక ఇంట్లో, కాజాలు ఇంకో ఇంట్లో. పీసుకింత. మా మామ లారీ ఓనరు, ఇప్పుడు మా అత్త కుట్టిన ప్యాంట్లు టీవీఎస్ మీద వేసుకుని తిరుగుతాడు. లెక్కలాయన గారూ, ఆయన్ని యాడ రాస్తారు? ఆమె పనికి ఆయన హెల్పరు. 😄


మడకశిరోడు
2025 జూన్ 15, సాయంత్రం 4:10

మా దిక్కు పట్టుపురుగు ఉంది కాబట్టి కొంచెం నిలబడినాం. ఎకరా మల్బరీ, ఒక షెడ్డు, నెలకు ఒక పంట. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు. ఇది సేద్యమా పరిశ్రమా అని నన్నడగొద్దు. పురుగు నాలుగో నిద్ర (పొర విడిచేది) లేచినాక, ఆకు తెగ తినే ఆ వారం రోజులు మా ఇంట్లో ఎవరూ నిద్రపోరు.

అదట్లుండనీ, మీరంతా లేపాక్షి నాలెడ్జ్ హబ్ సంగతి మరిచిపోయినారు. 2008-09ల్లో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు తీసుకున్నారు. ఉద్యోగాలు వస్తాయన్నారు, ఒక్కటీ రాలేదు. కేసులు, జప్తులు, వేలాలు. భూమి ఇచ్చినోడికి సేద్యం పోయింది, వేరే పని రాలేదు. పాలసముద్రంలో కస్టమ్స్ వాళ్ల అకాడమీ 500 ఎకరాల్లో 2024 జనవరిలో తెరిచినారు, చూడ్డానికి బాగుంటాది. గేటు కాడ మా ఊరోళ్లు ఉన్నారు. సెక్యూరిటీ.


బోరుబావి
2025 జూన్ 15, సాయంత్రం 4:32

@మడకశిరోడు సోలార్ కూడా చేర్చప్పా. ఎన్.పి.కుంటలో, ఆ పక్క జిల్లా గని-శకునాలలో వేల ఎకరాలు అద్దాలు పరిచినారు. గని-శకునాల ఒక్కటే వెయ్యి మెగావాట్లు. బిగించేటప్పుడు రెండేండ్లు పనే పని. ఇప్పుడు? అద్దాలు కడిగేటోళ్లు, గడ్డి కోసేటోళ్లు, కాపలాదారు. గొర్రెలోళ్లకు మేపు పోయింది, అది ఎవరూ రాయరు.


షార్లెట్‌శీను
2025 జూన్ 15, రాత్రి 8:55

అందరికీ నమస్కారం. మాది హిందూపురం, ఉండేది అమెరికాలో నార్త్ కరోలినా. ఇక్కడ కౌంటీ అంటే మన రెవెన్యూ డివిజన్ అంత అనుకోండి. ఒక్కో కౌంటీలో ఏ రంగంలో ఎన్ని ఉద్యోగాలో మూడు నెలలకోసారి లెక్క వస్తుంది. యజమానులు నిరుద్యోగ బీమా కోసం కట్టే పన్ను కాగితాల నుంచే తీస్తారు, కాబట్టి దాపరికం తక్కువ. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు మాత్రం అందులోకి రారు.

మా ఇంటికి అరగంట దూరంలో కన్నాపొలిస్ అనే ఊరుంది. తువ్వాళ్లు, దుప్పట్ల మిల్లు కోసమే పుట్టిన ఊరు. ఇండ్లు కూడా మిల్లువే. 2003 జులై 30న పిల్లోటెక్స్ కంపెనీ మూతబడింది. ఒక్కరోజులో ఆ చుట్టుపక్కల నాలుగు వేల పైచిలుకు మంది రోడ్డున పడ్డారు, ఈ రాష్ట్రంలో అంత పెద్ద తొలగింపు అంతకుముందు లేదు. చాలామంది హైస్కూలు కూడా పూర్తి చెయ్యనివాళ్లు, ఎందుకంటే మిల్లులో పనికి చదువు అక్కర్లేదు. మిల్లు పడగొట్టి అక్కడ పరిశోధన కేంద్రం కట్టారు. బాగుంది, కానీ అందులో ఉద్యోగాలకు కావాల్సిన చదువు వేరు. నేను అటు పోయినప్పుడల్లా పెనుకొండ గుర్తొస్తుంది. అక్కడ అందరూ ఒకే ఫ్యాక్టరీని చూసుకుని ఇండ్లు కట్టి బాడుగకిస్తున్నారని విని భయమేస్తోంది.


గనిదుమ్ము
2025 జూన్ 15, రాత్రి 9:20

శీనన్నా, మీరు యాడో కూర్చుని భయపడితే ఎట్ల? కారు కొనేటోళ్లు ఉన్నంతవరకు నడుస్తాది. మాకు ఒక్క ఫ్యాక్టరీ కూడా రాలేదని మా ఏడుపు.


కదిరోడు
2025 జూన్ 15, రాత్రి 9:48

గనిదుమ్మూ, లారీలప్పుడు కూడా "ఇనుము కొనేటోడు ఉన్నంతవరకు" అనే కదా అనుకున్నది. శీనన్న చెప్పింది తీసిపారేసేది కాదు. కాకపోతే కన్నాపొలిస్ వాళ్లకు మిల్లు తప్ప ఇంకోటి లేదు. మనోళ్లు ఎవురూ ఒకదాంట్లోనే ఉండరు. మా వీధిలో కార్ల పక్క పోయే అయిదిండ్లలో నాలుగింటికి చేను ఉంది, అయిదింటికీ ఆవో మేకలో ఉన్నాయి. పిల్లోన్ని కంపెనీలో తీసేస్తే వాడు పస్తుండడు, మర్నాడు బెంగుళూరు బస్సెక్కుతాడు. అది బలమో కర్మమో నాకైతే తెలీదు.


సుగ్గిబండి
2025 జూన్ 16, ఉదయం 5:58

మీదంతా బాగుండే వలస. మాది కోసిగి, కర్నూలు పడమర. మాకు బెంగుళూరు జీతాలూ లేవు, కువైటూ లేదు. సుగ్గి ఉంది. కోతల కాలం రాంగనే ఊర్లకు ఊర్లు మూటాముల్లె సర్దుకుని బొలేరోలు ఎక్కి గుంటూరు మిరపకాయలకు, తెలంగాణలో పత్తికి పోతాం. ముసలోళ్లు, కుక్కలు మిగుల్తాయి ఊర్లో. పిల్లోళ్లను తోలుకుపోతే బడి పాయ. వదిలిపోతే ఎవరు చూస్తారు? వాళ్ల కోసం కాలానికి హాస్టళ్లు అని పెడతారు, కొన్నేండ్లు నడుస్తాయి, కొన్నేండ్లు నడవవు.

ఇంక లెక్క అంటారా. మేము పోయేదీ సేద్యం పనే, వచ్చేదీ సేద్యం పనికే. మీ కాగితంలో మేము కదలనే లేదు.


లెక్కలాయన
2025 జూన్ 16, ఉదయం 8:12

సుగ్గిబండి గారు ఒక్క ముక్కలో చెప్పారు. రంగం మారకుండా మనిషి మారిన వలస మా పట్టికల్లో పట్టదు.

ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి అనంతపురం రెండు జిల్లాలైంది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, కదిరి, మడకశిర సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. రాయదుర్గం, తాడిపత్రి, గుంతకల్లు, ఉరవకొండ అనంతపురంలో మిగిలాయి. ఇప్పుడు జిల్లా ఉత్పత్తి లెక్క తీస్తే సత్యసాయిలో పరిశ్రమల వాటా కళ్లు తిరిగేలా కనిపిస్తుంది, కార్ల విలువ అంతా అక్కడ పడుతుంది కాబట్టి. మగ్గం ఆపిన ఇళ్లు ఆ అంకె వెనక కనపడవు. 2025 జనవరి నుంచి శ్రామిక సర్వేకు జిల్లానే మూలంగా తీసుకుంటున్నారు, కొన్నేళ్లకు ఏమైనా తేలొచ్చు.


బోరుబావి
2025 జూన్ 16, ఉదయం 8:40

ఉపాధి హామీ గురించి ఎవరూ రాయలేదే? 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట మొదలైంది మన బండ్లపల్లిలోనే, నార్పల మండలం. 2025-26లో రోజుకు 307 రూపాయలు. కొలతలు వేస్తే అంత పడదు. పొద్దున ఒక ఫోటో, మళ్లీ ఒక ఫోటో, సిగ్నల్ లేకుంటే కూలి లేదు. మా ఊర్లో పనికొచ్చేది అరవై దాటినోళ్లు, ఆడోళ్లు. వయసు పిల్లోడు ఒక్కడూ రాడు. కానీ అది ఉండబట్టే చేలో కూలి పెంచినారు, అది మాత్రం నిజం. పెద్ద రైతులు ఇప్పటికీ తిడతాంటారు.


పెనుకొండపిల్ల
2025 జూన్ 16, రాత్రి 7:15

గనిదుమ్ము అన్నా, మీ అత్త వాళ్లకు ప్యాంటుకు ఎంత పడుతుంది? మా ఊర్లో నలుగురం మిషన్లు పెడదామనుకుంటున్నాం. బస్సు పట్టుకునే పనిలేకుండా ఇంటి దగ్గరే.


గనిదుమ్ము
2025 జూన్ 16, రాత్రి 8:02

పీసు రేటు ఇక్కడ రాస్తే మేస్త్రీ మా అత్తకు గుడ్డ ఇయ్యడమ్మా. మెసేజి పెడతా. ఒక్కటి చెప్తా విను, మిషన్ కొనేముందు కరెంటు మీటరు ఎవరి పేరుతో ఉందో చూసుకో. మామూలు టైలరు మిషను కొనొద్దు, జీన్స్‌కు పనికిరాదు.


కదిరోడు
2025 జూన్ 17, రాత్రి 10:20

అందరిదీ మా నాయనకు ఫోన్లో చదివి వినిపించినా. ఓబుళాపురం లారీల సంగతికి నవ్వినాడు, ఆయన కూడా అప్పట్లో ఒక లారీలో వాటా పెట్టాలని చూసినాడంట, మా అమ్మ తాళిబొట్టు ఇయ్యనందట. ఈ ముక్క నాకు ఈరోజే తెలిసింది.

ఒక సవరణ. తాళం వేసిన ఇండ్లు రెండు అని రాసింటి. అందులో ఒకటి తెరిచినారంట. కువైట్ నుంచి ఆ పిల్లోడు వచ్చినాడు, బోరు వేయిస్తానంటున్నాడు. మా నాయన నాలుగెకరాల గుత్త ఈ నెలాఖరుకు అయిపోతాది. తర్వాత వాడికే ఇస్తాడంట. నన్నొక మాట కూడా అడగలేదు.


మడకశిరోడు
2025 జూన్ 17, రాత్రి 10:31

బోరు ఎన్ని అడుగులు పోతాందో కనుక్కొని చెప్పన్నా. మాకు ఎనిమిది వందలు దాటినా తడి తగల్లేదు.